రెండు సరేలు

మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి మా హాల్లో రెండో మంచం కూడా దిగిపోయింది.

చుట్టూ కటకటాలున్న చిన్న మంచాలు. సోఫాని గోడకి నెట్టేసి, నా కుట్టు మిషన్ని వరండాలోకి తరిమేసి, వాటిని పక్కపక్కనే వేశారు. వాటిలో పడుకోవలసిన కవలలు, మూడేళ్ళ ఆడపిల్లలిద్దరూ, బూట్లతోనే నా సోఫా మీద ఎగురుతున్నారు. వాళ్ళమ్మ, అంటే మా ఆయనకి అక్క, నాకు వదిన, ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటిస్తోంది.

దగ్గరికెళ్ళి చదివాను. ఒంటిగంటకి అన్నం. రెండు నుంచి నాలుగు దాకా నిద్ర. నాలుగున్నరకి పాలు. ఆరున్నర దాకా ఆట. అన్నిటికీ పైన ఎర్ర సిరాతో "మధ్యాహ్నాలు: అత్త" అని రాసి, కింద రెండు గీతలు గీసి ఉంది. ఆ పిల్లలకి అత్తని నేను ఒక్కదాన్నే.

"బుధవారం నుంచి నాకు ఫుల్ టైమ్ ఇచ్చారు," అంది వదిన, టేపు పళ్ళతో తెంపుతూ. "శుక్రవారమే సంతకం పెట్టేశాను."

వదిన పార్శిల్ ఆఫీసు కౌంటర్లో ఏడేళ్ళుగా సగం పూట పనిచేస్తోంది. ఆవిడకి పూర్తి ఉద్యోగం ఇవ్వడం న్యాయమే, ఎప్పుడో ఇవ్వాల్సింది కూడా. కానీ అదే బుధవారం మధ్యాహ్నం పన్నెండు లోపల నేను పనిచేసే పళ్ళ సెట్ల ల్యాబ్‌లో మేడమ్ బల్ల మీద నా సంతకం ఉన్న కాగితం ఉండాలి. అదీ సగం పూట నుంచి పూర్తి పూటకి మారే కాగితమే. పన్నెండు దాటితే ఆ ఉద్యోగానికి బయటి మనిషిని పిలుస్తామని మేడమ్ ముందే చెప్పేసింది.

"మీ తమ్ముణ్ణి అడిగే పెట్టారా సంతకం?" అన్నాను.

"అడక్కుండా ఎలా పెడతాను? సరే అన్నాడు."

నాకు నవ్వొచ్చింది. గురువారం పొద్దున కాఫీ ఇస్తూ నేను ఫుల్ టైమ్ సంగతి చెప్పాను. పేపర్లోంచి తలెత్తకుండా సరే అన్నాడు. అదే రోజు సాయంత్రం అక్కగారు ఫోన్ చేస్తే ఆవిడకీ సరే అన్నాడు. ఆ సరేకీ ఈ సరేకీ మధ్య ఆయనకి ఒక పగలంతా ఉంది. ఒక్కసారి, ఒక్క నిమిషం, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే సరిపోయేది. ఆ నిమిషం ఆయనకి దొరకలేదు.

మా ఆయన చెడ్డవాడని ఎవరూ అనరు. పదహారేళ్ళ కాపురంలో ఎవరికైనా కాదు, కూడదు అని చెప్పగా నేనూ వినలేదు. పక్కింటివాళ్ళు కుక్కని చూసుకోమంటే సరే. ఆఫీసులో ఎవరో బదిలీ మీద వెళ్తూ ఇరవై పూలకుండీలు అప్పజెబితే సరే. అందుకే వీధి వీధంతా ఆయన ఎంత మంచి మనిషో అంటారు. ఆ కుక్కకి స్నానం చేయించిందీ, ఆ కుండీలకి నీళ్ళు పోసిందీ ఎవరని మాత్రం ఎవరూ అడగలేదు. మంచితనం ఆయనది, చాకిరీ నాది. మా ఇంట్లో పనుల పంపకం అలా కుదిరింది.

ఆయన పడగ్గదిలోంచి చెమట తుడుచుకుంటూ వచ్చాడు. మంచాలు మోయడానికి సెలవు పెట్టాడట. మొన్న నాకు జ్వరం వచ్చినప్పుడు ఆఫీసులో దొరకని సెలవు ఇవాళ దొరికింది.

"మీరు నాకేం చెప్పారు?" అన్నాను.

"ఏ విషయం?"

"గురువారం పొద్దున."

ఆయన పైకప్పు కేసి చూశాడు. జవాబులు అక్కడెక్కడో రాసి పెట్టి ఉంటాయని ఆయన నమ్మకం. తర్వాత మెల్లగా గుర్తొచ్చినట్టుంది, మొహం వాడిపోయింది. వదిన నా మొహం చూసి, ఆయన మొహం చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది.

వదిన కోపం తెచ్చుకోలేదు. అది ఇంకా బాధగా ఉంది. చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు మాట్లాడింది. కౌంటర్లో కూర్చోవడం ఉద్యోగమట. నాది కాలక్షేపమట. ఎవరివో ఊడిపోయిన పళ్ళకి మైనం పూసుకుంటూ కూర్చోవడానికి రోజంతా ఎందుకట. మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళిపోయాక నాకు ఇంట్లో తోచట్లేదు కాబట్టి, ఈ పిల్లల్ని తెచ్చి పెట్టడం నిజానికి నాకే మేలట.

"మీరేమంటారు?" అని ఆయన్ని అడిగాను.

"ఇద్దరూ చెప్పేది కరెక్టే," అన్నాడు.

నేను గొంతు పెంచాను. వదినా పెంచింది. కవలలు ఎగరడం ఆపి చూస్తున్నారు. అప్పుడు, ఇంతసేపూ పేము కుర్చీలో కూర్చుని వింటున్న మా అత్తగారు, చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్ళారు.

మా ఇంట్లో ఆ చెయ్యి లేచిందంటే గొడవ ముగిసినట్టు లెక్క. ఆవిడ కట్టుడుపళ్ళ పై సెట్టు తీసి, కింది సెట్టు తీసి, రెంటినీ పక్కనున్న గాజు గ్లాసు నీళ్ళలో వేసి, పమిట కొంగు మూతికి అడ్డం పెట్టుకుంటారు. బోసినోటితో ఆవిడ ఒక్క మాట మాట్లాడరు. ఎవరు మాట్లాడినా వినరు. ఇది మూడేళ్ళుగా సాగుతోంది. సెట్టు కట్టించుకున్న నాటి నుంచీ అన్నమాట.

ఆ సెట్టు సంగతి కూడా చెప్పాలి. ఆ డాక్టరుది బంగారంలాంటి చెయ్యి అని ఆవిడ ఎదురుపడ్డవాళ్ళందరికీ చెబుతారు. డాక్టరు చేసింది నోటి అచ్చు తీయడం వరకే. ఆ అచ్చు చీటీతో సహా మా ల్యాబ్‌కొచ్చింది. చీటీ మీద పేరు చూసి, ఇది నాకివ్వండి అని నేనే అడిగి తీసుకున్నాను. ఒక్కో పన్నూ మైనంలో నిలబెట్టి, ఆవిడ పెళ్ళినాటి ఫోటో పక్కన పెట్టుకుని, ముందు పళ్ళలో ఒకదాన్ని రవ్వంత పక్కకి తిప్పాను. ఆవిడ సొంత పన్ను అలాగే ఉండేది. కొత్త సెట్టు పెట్టుకుని అద్దంలో చూసుకుని అత్తగారు ఏడ్చారు. ఆ రాత్రి మా ఆయనకి నిజం చెప్పాను. సరే అన్నాడు. అమ్మకి మాత్రం చెప్పొద్దు, కోడలి చేతి పళ్ళంటే పెట్టుకోదు అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. మూడేళ్ళుగా నా పళ్ళతోనే ఆవిడ నా వంటకి వంకలు పెడుతున్నారు.

*

మర్నాడు మంగళవారం. ల్యాబ్‌లో పాలిష్ తాతగారు తన సొరుగు ఖాళీ చేస్తున్నాడు. ముప్ఫయ్యేళ్ళు పళ్ళకి మెరుగు పెట్టిన మనిషి. ఈ వారంతో మానేస్తున్నాడు. ఖాళీ అయ్యేది ఆయన ఉద్యోగమే.

మా ల్యాబ్‌లో పూర్తి పూట వాళ్ళకి సొంత బల్ల, సొంత దీపం, తాళం ఉన్న సొరుగు ఉంటాయి. సగం పూట వాళ్ళం కిటికీ దగ్గర పొడుగు బల్లకి ఒక్కో మూల సర్దుకుంటాం, మైనం కత్తులు కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని ఇంటికి మోసుకుపోతాం. అది కూడా నాకు పెద్ద లెక్క కాదు. నన్ను కాల్చేది కార్డు. ప్రతి సెట్టుతో పాటూ ఒక వారంటీ కార్డు వెళ్తుంది, దాని మీద కట్టినవాళ్ళ పేరు ఉంటుంది. సగం పూట వాళ్ళ పేరు కార్డెక్కదు. మధ్యాహ్నం సెట్టు అందుకుని మెరుగు పెట్టినవాళ్ళ పేరే ఎక్కుతుంది. ఆరేళ్ళలో నేను కట్టిన సెట్లన్నీ పాలిష్ తాతగారి పేరుతో ఊరి నోళ్ళలో తిరుగుతున్నాయి.

తాతగారు సొరుగు తాళంచెవి నా ముందు పెట్టాడు. ఒకసారి తిప్పి చూడమన్నాడు. తిప్పాను. తాళం కొంచెం బిగుసుకుని, తర్వాత తెరుచుకుంది.

"నీ పని మీద నా పేరు వేసుకుని బతికానమ్మా ఇన్నాళ్ళూ," అన్నాడు. "సిగ్గు కూడా పడలేదు. అలవాటైపోయింది."

ఆయన మీద నాకు కోపం రాలేదు. మా ఇంట్లో ఎవరూ ఈపాటి నిజం కూడా చెప్పలేదు.

మేడమ్ కాగితం చేతికిచ్చింది. ఇస్తూ నా మొహంలోకి చూసి, "పన్నెండున్నరయితే గడియారం కేసి చూసే మనిషివి, ఆరేళ్ళుగా చూస్తున్నాను," అంది. "రేపటి నుంచే సాయంత్రం ఆరు దాకా కూర్చోగలవా? ఇంట్లోవాళ్ళు ఫోన్ చేసి కుదరదంటే మాత్రం నేను రెండోసారి అడగను. ఇంతకు ముందు ఇద్దరి విషయంలో అలాగే అయింది."

మా ఇంట్లో ఎవరూ అలా చెయ్యరు అన్నాను. అన్నాక నా గొంతు నాకే నచ్చలేదు. కాగితం మడిచి కళ్ళజోడు పెట్టెలో, మైనం కత్తుల కింద పెట్టుకున్నాను.

*

అదే రోజు సాయంత్రం ఆరింటికి పళ్ళు పగిలాయి.

పిల్లలకి ఇల్లు అలవాటు కావాలని వదిన మధ్యాహ్నమే వాళ్ళని దింపి వెళ్ళింది. నేను కాగితం ప్రకారం అన్నం పెట్టాను, నిద్రపుచ్చాను, పాలు తాగించాను. అత్తగారు నిన్నటి నుంచీ పళ్ళు పెట్టుకోలేదు, అంటే ఎవరితోనూ మాట్లాడలేదు. గంజి తాగి, గ్లాసు పక్కన కూర్చున్నారు. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నాడు, వదిన పిల్లల్ని తీసుకెళ్ళడానికి అప్పుడే లోపలికొచ్చింది. కవలల్లో ఒకతె ఈ మంచం మీంచి ఆ మంచం మీదకి దూకింది. మంచం తగిలి గ్లాసున్న బల్ల ఒరిగింది. గ్లాసు కింద పడింది.

కింది సెట్టు బాగానే ఉంది. పై సెట్టు నిలువునా రెండు ముక్కలైంది.

అత్తగారు కొంగు నోటికి నొక్కుకుని ఆ ముక్కల్ని చూస్తూ ఉండిపోయారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అది రెండోసారి. మొదటిసారీ ఆ పళ్ళ గురించే.

మా ఆయన డాక్టరుకి ఫోన్ చేశాడు. వాళ్ళు ల్యాబ్‌కి పంపి తెప్పించాలి, నాలుగు రోజులు పడుతుంది అన్నారు. ఆయన సరే అన్నాడు.

"నాలుగు రోజులక్కర్లేదు," అన్నాను. "అతుకుల పని మా దగ్గర మధ్యాహ్నం చేస్తారు. రేపు సాయంత్రానికి నేను చేసి తెస్తాను."

"నువ్వా?" అంది వదిన. "డాక్టరు కట్టినవి నువ్వెలా ముట్టుకుంటావు?"

"కట్టింది డాక్టరు కాదు. నేను."

వదిన తమ్ముడి కేసి చూసింది. ఆయన విప్పిన బూటు చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"మీ తమ్ముడికి తెలుసు," అన్నాను. "మూడేళ్ళుగా తెలుసు."

"సరే, అంటే, అవును," అన్నాడు ఆయన.

వదిన అంత తేలిగ్గా వదల్లేదు. అమ్మ పర్సులో కార్డుంది, దాని మీద ఎవరో మగాయన పేరుంది, నేను చూశాను అంది. కార్డు సంగతి నేను చెప్పాను. సగం పూట వాళ్ళ పేరు వెయ్యరని, అది మెరుగు పెట్టినాయన పేరని, రేపు పన్నెండు లోపల నేను సంతకం పెట్టి ఇస్తే ఇక మీదట నా పేరే ఉంటుందని చెప్పాను. చెబుతున్నంతసేపూ వదిన మొహంలో, ఒక పేరు కోసం ఇంత రాద్ధాంతమా అన్న చిరునవ్వు కదుల్తూనే ఉంది. ఆవిడ కౌంటర్లో ఆవిడ పేరు రాసిన పలక ఉంటుంది. ఏడేళ్ళుగా ఉంది.

అత్తగారు కిందికి వంగి, రెండు ముక్కల్నీ, కింది సెట్టునీ చేతి రుమాల్లో మూటగట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. అతకడానికి నాకివ్వలేదు.

"చెప్పొద్దన్నానా లేదా?" అన్నాడు మా ఆయన నాతో.

*

బుధవారం పొద్దున ఎనిమిదికి నేను సంచి భుజాన వేసుకుని కిందికి దిగాను. కాగితం మీద సంతకం చేసేశాను. మెట్ల దగ్గరే వదిన ఎదురైంది, చెరో చేత్తో చెరొక పిల్లని పట్టుకుని. కొత్త బూట్లు వేసుకుంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. కౌంటర్ వెనకాల ఏడేళ్ళు ఎదురుచూసిన మనిషి మొదటి రోజు ఎలా తయారవుతుందో అలా తయారైంది.

పొద్దుటి పూట పిల్లల బడి. ఇవాళ సెలవట, అందుకే ముందే తీసుకొచ్చిందట.

"మధ్యాహ్నం నేను రాను వదినా," అన్నాను.

ఆవిడ మొహంలో నిన్నటి చిరునవ్వు లేదు. "మరి నా సంతకం సంగతి?" అంది.

అది నిజమైన ప్రశ్న. ఇద్దరం ఒకేసారి తలెత్తి రెండో అంతస్తు కిటికీ కేసి చూశాం. మా ఆయన అక్కడ నిలబడి తల దువ్వుకుంటున్నాడు. మమ్మల్ని చూసి, ఏమనుకున్నాడో ఏమో, చెయ్యి ఊపాడు.

వీధి చివర బస్సు మలుపు తిరిగింది. వదిన ఒక పిల్ల చెయ్యి నా చేతిలో పెట్టింది. రెండో పిల్ల చెయ్యి కూడా పెట్టింది. "వాడికివ్వు," అని, వెనక్కి చూడకుండా పరుగెత్తి బస్సెక్కింది.

నేను పిల్లల్ని తీసుకుని పైకొచ్చాను. ఒక్కొక్కరినీ ఒక్కో మంచంలో కూర్చోబెట్టాను. ఆయన ఇంకా అద్దం ముందే ఉన్నాడు.

"ఇవాళ నేను సాయంత్రం ఆరున్నరకొస్తాను," అన్నాను.

"సరే."

"పిల్లల్ని మీరు చూసుకోవాలి. ఇవాళ్టికి సెలవు పెట్టండి. రేపటి సంగతి మీరూ మీ అక్కా కూర్చుని తేల్చుకోండి."

దువ్వెన ఆగింది.

"కుదరదు," అన్నాడు.

పదహారేళ్ళలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. ఎంత సులువుగా వచ్చిందో. కుక్కకి రాలేదు, ఇరవై పూలకుండీలకి రాలేదు, అక్కగారి మంచాలకి రాలేదు. నా దగ్గరికొచ్చేసరికి తడుముకోకుండా వచ్చేసింది. ఇన్నాళ్ళూ ఆయనకి కాదనడం చేతకాదనుకుని జాలిపడేదాన్ని. ఆ జాలంతా నాకు తిరిగి కావాలనిపించింది.

"మీకు కుదరకపోతే మీ అక్కకి చెప్పుకోండి," అని నేను గుమ్మం వైపు తిరిగాను.

వెనక ఫోన్ నొక్కుతున్న చప్పుడైంది. అక్కకి చేస్తున్నాడనుకున్నాను. కానీ స్పీకర్లో పలికిన గొంతు వదినది కాదు. హలో, డెంటల్ ల్యాబ్, చెప్పండి అంది మా మేడమ్.

నేను వెనక్కి తిరిగాను. రెండోసారి అడగను అన్న మాట చెవిలో గింగుర్లెత్తింది.

"నమస్కారమండీ," అన్నాడు ఆయన, వీధిలో అందరితో మాట్లాడే ఆ మెత్తటి గొంతుతోనే. "మీ దగ్గర సగం పూట పనిచేసే ఆవిడ భర్తని. ఆవిడ సంతకం విషయం ఒక మాట చెబుదామని..."

అత్తగారి గది తలుపు తెరుచుకుంది.

ఆవిడ రుమాలు మూట పట్టుకుని హాల్లోకొచ్చారు. రెండు మంచాల మధ్య నుంచి నడిచి, కొడుకుని దాటి, నా దగ్గరికొచ్చి ఆగారు. కొంగు నోటికి అడ్డం లేదు. రెండో చేతిలో ఆ వారంటీ కార్డు ఉంది.

"ఎవడిదీ పేరు?" అన్నారు.

బోసినోటి మాట. సగం గాలి, సగం మాట. మూడేళ్ళలో ఆవిడ అలా మాట్లాడటం మా ఇద్దరిలో ఎవరమూ వినలేదు. ఆయన చేతిలో ఫోను సగం దిగింది.

"మెరుగు పెట్టినాయనది," అన్నాను.

"ముక్కూ మొహం తెలియని మగాడి పేరు పెట్టుకుని మూడేళ్ళు అన్నం తిన్నానా," అన్నారు. మొహం నిండా ఏవగింపే. అది నా మీదో, ఆ పేరు మీదో, లోకం మొత్తం మీదో నాకు తెలియలేదు. కార్డునీ మూటనీ నా చేతిలో కుక్కారు. "ఇది చించెయ్. నీ పేరుది రాయించుకుని రా."

"హలో?" అంటోంది మేడమ్ ఫోన్లో. "ఆవిడ సంతకం విషయం అన్నారు. ఏమిటది?"

ఆయన తల్లి మొహంలోకి చూశాడు. నా చేతిలో మూట కేసి చూశాడు. మంచంలో ఒక పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

"హలో, ఉన్నారా? చెప్పండి, ఆవిడకి కుదురుతుందా, కుదరదా?"

ఆయన నోరు తెరిచాడు.